లాక్లన్‌తో ఆడితే మైల

మా పెద్దన్న లాక్లన్ మెక్వేగ్‌తో మంచు మీద హాకీ ఆడినవాళ్ళకు మైల అంటుకునేది. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, జిల్లా ఔత్సాహిక ఆటగాళ్ళ సంఘం అచ్చు వేయించిన నియమం. డబ్బు తీసుకుని ఆడినవాడు ప్రొఫెషనల్. వాడి పక్కన ఆడినా, వాడికి ఎదురుగా ఆడినా ఆ క్షణం నుంచి మీరూ ప్రొఫెషనలే. స్నానం చేస్తే పోయే మైల కాదది, చచ్చేదాకా ఉంటుంది.

లాక్లన్ పుట్టుకతో అలాంటివాడేం కాదు. గ్లెన్‌బారీలో మా నాన్న చీజ్ ఫ్యాక్టరీలో పాల క్యాన్లు కడుగుతూ పెరిగాడు. ఫ్యాక్టరీ వెనక వాగు గడ్డకట్టగానే వాడూ, వాడి తర్వాతివాడు ఆర్చీ, స్కేట్లు కట్టుకుని దిగేవాళ్ళు. లాక్లన్ దూసుకుపోతూ పోతూ, మంచు హాకీలో బంతికి బదులు వాడే నల్ల రబ్బరు బిళ్ళను వెనక్కి చూడకుండా వదిలేసేవాడు. అది ఎక్కడికి వస్తుందో ఆర్చీకి ఎలాగో తెలిసేది. అక్కడ ఉండేవాడు. ఇద్దరూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. వాళ్ళు మాట్లాడుకుంటే దెబ్బలాటే.

1907లో, ఉత్తరాన వెండి దొరికిన ఊళ్ళలో గనుల యజమానులకు హాకీ పిచ్చి పట్టింది. జీతాలిచ్చి ఆటగాళ్ళను తెప్పించుకున్నారు. లాక్లన్ వెళ్ళి నాలుగు చలికాలాలు ఆడాడు. అప్పట్లో జట్టుకు ఏడుగురు, ఆట మొత్తం ఆ ఏడుగురే. ఒకడు దెబ్బ తగిలి లేవలేకపోతే, అవతలి జట్టు మర్యాదగా తమ మనిషినొకణ్ణి బయట కూర్చోబెట్టేది. ఆ దెబ్బ కొట్టిందీ సాధారణంగా వాళ్ళే. లాక్లన్ ముందుపళ్ళు అక్కడే పోయాయి. ముక్కు మాత్రం వెంట తెచ్చుకున్నాడు, కాస్త పక్కకు తిరిగి ఉంది. చివరికి ఆ ఊరి ఆటల షెడ్డు తగలబడింది, యజమాని పిచ్చి హాకీ నుంచి గుర్రాల మీదకు మళ్ళింది, మావాడు ఇంటికొచ్చాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అడిగాడు. "శనివారం ఆట ఉందట కదరా ఆర్చీ?"

ఆర్చీ అప్పటికి ఊరి జట్టుకు కెప్టెన్. పళ్ళెంలోంచి తలెత్తలేదు. "ఉంది. నువ్వు దిగకూడదు."

"చూడ్డానికైనా రావచ్చా?"

"రా. స్కేట్లు ఇంట్లో పెట్టి రా."

"సరే, ఆ బంగాళాదుంపలు ఇటు జరుపు," అన్నాడు లాక్లన్.

మళ్ళీ జీతానికి ఆడాలన్న ఆశ వాడికి లేదు. వాడు కోరుకున్నదల్లా సొంత ఊళ్ళో, ఆర్చీ పక్కన ఒక్కసారి ఆడటం. ఫ్యాక్టరీలో తొట్లు కడుగుతూ చెల్లెలినైన నాతో అన్నాడు. "అక్కడ కూడా అలవాటుకొద్దీ బిళ్ళ వెనక్కి వదిలేసేవాణ్ణి ఎఫీ. ప్రతిసారీ అవతలివాడే ఎత్తుకుపోయేవాడు. తిట్లు తినీ తినీ కూడా మానలేకపోయాను." చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా ఊళ్ళో సంఘం కార్యదర్శి మందుల షాపు పెటిగ్రూ గారు. నియమమంటే ఆయనకు ప్రాణం. నేను షాపుకు వెళ్ళి అడిగాను.

"మా అన్న మైదానం మీద మంచు ఊడ్చవచ్చా అండీ?"

"ఊడ్చవచ్చు. చీపురు హాకీ కర్ర కాదు."

"గడ్డకట్టడానికి నీళ్ళు పోయవచ్చా?"

"పోయవచ్చు."

అలా ఉత్తరాన పేరు మోసిన ఆటగాడు మా ఊళ్ళో మంచు ఊడ్చే పనిలో కుదిరాడు. ఒకరోజు ఆర్చీ కొట్టిన బిళ్ళను వాడి కుక్క బార్లీ నోట కరుచుకెళ్ళి లాక్లన్ కాళ్ళ దగ్గర పడేసింది. లాక్లన్ బూటుతో తన్నాడు, కుక్క దాన్ని మళ్ళీ ఆర్చీకి పట్టుకెళ్ళింది. పెటిగ్రూ గారు అక్కడే ఉన్నారు.

"కుక్కకు మైల అంటినట్టేనా అండీ?" అన్నాను.

నేను వెటకారానికి అన్నాను. ఆయన గడ్డం నిమురుకుంటూ నిజంగానే ఆలోచించారు. "లేదు. కుక్క సంఘంలో సభ్యురాలు కాదు."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. నేనూ సభ్యురాలిని కాను. ఊళ్ళో మేం ఆడపిల్లలం ఏడుగురం బుధవారాలు ఆడుకునేవాళ్ళం. సంఘం మమ్మల్ని చేర్చుకోలేదు సరే, నిషేధించాలని కూడా ఎవరికీ తోచలేదు. లంగాలు గాలికి లేవకుండా అంచుల్లో సీసపు గుళ్ళు కుట్టుకుని ఆడేవాళ్ళం. ఆ బుధవారం నుంచి లాక్లన్ మాతో ఆడాడు. బిళ్ళ వెనక్కి వదిలేవాడు. అక్కడికి నేను చేరేసరికి అది ఎటో పోయేది.

లాక్లన్ పక్కన ఒక్కసారైనా ఆడమని ఇక ఆర్చీని పట్టుకుని కడిగేశాను. వాడు అంతా విన్నాడు. "నాకు మైల అంటితే నాతో ఆడే ఆరుగురికీ అంటుతుంది. జిల్లా ఫైనల్ ముందు వాళ్ళ నోట్లో మట్టి కొట్టమంటావా?" అన్నాడు. అదీ నిజమే. అయినా వాడి మీద కోపం పోలేదు. ఉత్తరాన లాక్లన్ వదిలిన బిళ్ళ ప్రతిసారీ పరాయివాడికి పోయిన సంగతి చెప్పాను. ఆ తర్వాత పెట్టెలోంచి చనిపోయిన మా అమ్మ నల్ల లంగా తీసి వాడి మంచం మీద పెట్టాను. అమ్మ మంచి పొడగరి.

మరుసటి బుధవారం మా జట్టులో ఫ్లోరాకు జలుబు చేసింది. చేసుకోమని నేనే చెప్పాను. ఆమె బదులు, కళ్ళ దాకా శాలువా చుట్టుకున్న ఒక పొడుగుపిల్ల వచ్చింది. మా పెద్దమ్మ కూతురు జెస్సీ అని చెప్పాను. లాక్లన్ ఆ పిల్లను పైనుంచి కిందికి చూసి కర్ర అందుకున్నాడు.

ఆట మొదలైంది. వాడు దూసుకుపోతూ, వెనక్కి చూడకుండా వదిలేశాడు. బిళ్ళ నేరుగా జెస్సీ కర్రకు తగిలింది. మళ్ళీ వదిలాడు, మళ్ళీ అక్కడే ఉంది. మూడోసారి తర్వాత లాక్లన్ మైదానం చుట్టూ ఉన్న చెక్కగోడవైపు తిరిగి నిలబడి ముఖం తుడుచుకున్నాడు. చలికి కళ్ళు నీళ్ళు కారుతున్నాయన్నాడు. నాకైతే ఏడుపే వచ్చింది, దాచుకోలేదు.

చూస్తే పెటిగ్రూ గారు చెక్కగోడ దగ్గర నిలబడి ఉన్నారు. శనివారమే ఫైనల్.

"ఎవరా పిల్ల?"

"మా పెద్దమ్మ కూతురండీ. జెస్సీ."

"ఎడమచేతివాటం. మీ ఆర్చీలాగే."

"మా వంశంలో ఉందండీ."

ఆయన చాలాసేపు ఆట చూశారు. "సంఘంలో సభ్యురాలా?"

"కాదండీ."

"అయితే నాకు సంబంధం లేదు," అని టోపీ సర్దుకున్నారు. "శనివారం దాకా మోకాళ్ళు జాగ్రత్తగా చూసుకోమను."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర లాక్లన్ అన్నాడు. "జెస్సీ పర్వాలేదు. ఎడమవైపు తిరగడానికే బద్ధకం."

"సీసం కట్టుకుని నువ్వు తిరుగు, చూద్దాం," అన్నాడు ఆర్చీ.

"వచ్చే బుధవారం వస్తుందా?"

ఆర్చీ ముద్ద నమిలి మింగి, "ఫ్లోరాకు జలుబు తగ్గకపోతే," అన్నాడు.

శనివారం మావాళ్ళు ఒక గోలు తేడాతో ఓడిపోయారు. ఫ్లోరా జలుబు మాత్రం మంచు కరిగేదాకా తగ్గలేదు. బుధవారాలు ఆ పిల్లను ఇల్లు కదలనివ్వొద్దని పెటిగ్రూ గారే వాళ్ళమ్మకు గట్టిగా చెప్పి, దగ్గుమందు ఇచ్చి పంపారు.