కప్లరులో పసుపు

చిటికెడు పసుపు ఎంత బరువుంటుంది? నేను పదహారేళ్లుగా మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. ఇప్పుడు నీ ముందు దించుతున్నాను. నువ్వెవరో నాకు తెలియదు, నేనెవరో నీకు చెప్పను. అలాగైతేనే చేయి కదులుతోంది.

అప్పట్లో ధర్మవరంలో ఒక పట్టుచీరల సావుకారి ఇంట్లో పనిచేసేదాన్ని. మొగుడు పోయాక ఆ ఇల్లే నాకు దిక్కు. వాళ్లకొక కారు ఉండేది. దాన్ని నడిపేది మస్తాను. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. ఒకసారి బానెట్టు మీది దుమ్ములో వేలితో ఒక అక్షరం గీసి, నీ పేరులో మొదటిది ఇదే అన్నాడు. నేను గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తుడవబుద్ధి కాలేదు. నా పేరుకు ఒక రూపం ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

ఏటా ఆయుధపూజకు కారు కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది అతనే. ఆ ఏడు ఎవరో బంధువు పోయారని ఊరికి పోవాల్సి వచ్చింది. పోతూ నాకు చెప్పి పోయాడు. పైపైన కడుగు, బొట్లు పెట్టు, బానెట్టు లోపల మాత్రం ఏదీ తాకొద్దు అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఇది రాసే పనే లేదు.

మాది మగ్గం ఇల్లు. మగ్గానికి పూజ చేస్తే పైన ఒక బొట్టు పెట్టి ఊరుకోము. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె నుంచి కాలితో తొక్కే చెక్క దాకా ప్రతిదానికీ పెడతాం. ఒక్కటి వదిలినా అది అలుగుతుందని మా అమ్మ చెప్పేది. అందుకే బానెట్టు ఎత్తాను. కిందుగా, గేరు డబ్బా మీద, బొటనవేలంత నల్లటిదొకటి కనిపించింది. మూడు వైర్లు వచ్చి దానికి ఒక మూతలా తగులుకుని ఉన్నాయి. ఆ మూతను కప్లరు అంటారని తర్వాత విన్నాను. మట్టి పట్టి ఉంటే తుడుద్దామని లాగాను. ఊడి వచ్చింది. మూత లోపల మూడు సూదులు, సన్నగా, తళతళమంటూ. ఇంత చక్కనిదానికి బొట్టు పెట్టకపోతే ఎలా? తడిపసుపు లోపలే అద్దాను. తిరిగి పెడితే పట్టలేదు. గట్టిగా నొక్కాను. టక్కుమంది. దణ్ణం పెట్టుకుని బానెట్టు దించాను.

నెల తిరక్కముందే మీటరు ముల్లు ఆడటం మానేసింది. కారు పరుగెత్తుతూనే ఉంటుంది, ముల్లు సున్నా మీద పడుకుని ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే అంకెలూ కదలడం లేదు. ఆ సంగతి సావుకారికి చెప్పింది మస్తానే. కానీ మీటరు వైరు పీకేసి యజమానికి తెలియకుండా బాడుగలకు తిప్పే డ్రైవర్ల గురించి ఊళ్లో కథలు చాలా ఉన్నాయి. దొంగే ముందుగా అరుస్తాడని సావుకారు ఇంట్లో అందరి ముందూ అన్నారు.

గుంతకల్లు నుంచి మెకానిక్కు వచ్చాడు. పెద్దాయన. పలకలాంటి యంత్రం తెచ్చి స్టీరింగు కింద ఎక్కడో తగిలించాడు. దాని అద్దం మీద అక్షరాలు వెలిగాయి. చేసినవాళ్ల పేరు అది చూపిస్తుందని అనుకున్నాను. నవ్వుకో. అక్షరాలకు తెలియనిది ఉండదనుకునే రోజులవి. స్తంభం వెనక నిలబడి, అందరి ముఖాలూ నావైపు తిరగడం కోసం చూశాను. ఎవరూ తిరగలేదు. బండి వేగం చెప్పే సెన్సరు నుంచి కబురు రావడం లేదని మాత్రం ఆయన చదివాడు.

తర్వాత జరిగింది నేను ఇప్పటికీ కళ్లు మూసుకుంటే చూడగలను. ఆయన ముందు చక్రం ఒకటి జాకీతో పైకి లేపాడు. కప్లరు ఊడదీసి, బ్యాటరీ నుంచి వేరే వైర్లు నేరుగా ఆ నల్లటి సెన్సరుకే ఇచ్చి, మిణుగురంత బల్బు ఒకటి తగిలించాడు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పమన్నాడు. తిప్పింది మస్తాను. బల్బు వెలిగింది. ఆరింది. వెలిగింది. చక్రం ఆపితే ఆగింది, తిప్పితే మళ్లీ మొదలైంది. అంత ఇనుప బండి, తాను వేసే ప్రతి అడుగూ బొటనవేలంత దానికి చెప్పుకుంటూ పోతోంది. చీకట్లో, నూనెలో, ఎవరూ చూడని చోట కూర్చుని అది ఒక్కటీ తప్పకుండా లెక్కపెడుతోంది. నా భయం కూడా మరిచిపోయి చూశాను. గుడిలో హారతికి కూడా నాకు ఒళ్లు అలా గగుర్పొడవలేదు.

మస్తాను ముఖం విచ్చుకుంది. "చూస్తిరా సార్, సెన్సరు బాగుండాది" అన్నాడు.

"సెన్సరు బాగుండాదప్పా," అన్నాడు మెకానిక్కు, కప్లరు లోపలికి తొంగిచూస్తూ. "దీన్ని ఎవురో చేత్తో పీకినారు. వంకరగా నొక్కినారు. ఒక సూది పండుకుండాది, తక్కినవాటికి చిలుము పట్టింది."

ఆయన చెప్పింది నిజమే. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఆ నిజమే మస్తానును పట్టించింది. సావుకారు తాళం చెవి కోసం చేయి చాపారు.

మెకానిక్కు కప్లరు తుడిచి, ఆ గుడ్డను కింద పడేశాడు. దాని మీద పచ్చటి మరక. అందరికీ అది మట్టి. నేను గుడ్డ తీసుకుపోయి పొయ్యిలో పెట్టాను. పసుపు పెట్టడం తెలియక చేశాను అనుకో. గుడ్డ కాల్చడం? అది తెలిసే చేశాను.

గేటు దగ్గర మస్తాను నాకోసం ఆగాడు.

"అక్కా, పండగ నాడు నువ్వే కదా కడిగినావు. అప్పటికి అది బాగుండె కదా? సార్‌కు ఒక మాట చెప్పు."

"నాకేం తెలుసప్పా," అన్నాను. "సదువు లేనిదాన్ని."

"అవునులే అక్కా," అని పోయాడు.

చదువుకూ దానికీ ఏం సంబంధం? పీకిన చేయి నాది. ఆ ఇల్లు పోతే నాకు నీడ లేదని భయపడ్డాను, అది నిజం. కానీ ఆ భయానికి చదువులేనితనాన్ని ముసుగు వేశాను. ఊళ్లో అతనికి మీటరు మస్తాను అని పేరు పడింది. మరే సావుకారూ కారు అప్పగించలేదు.

పెద్దవాళ్లకు చదువు చెప్పే బడికి నేను అరవై దాటాక పోయాను. నా పేరులో మొదటి అక్షరం రాసిన రోజు పలక మీద నాకు దుమ్ము పట్టిన బానెట్టు కనిపించింది. పక్కనున్నవాళ్లు సంతోషానికి ఏడుస్తున్నాననుకున్నారు.

పోయిన ఎండాకాలం నల్లమాడలో చెల్లెలి ఇంటికి పోతే, వీధిలోకి నీళ్ల ట్యాంకరు వచ్చింది. నడుపుతున్నది మస్తాను. గడ్డం నెరిసింది. నన్ను గుర్తుపట్టి, బాగుండావా అక్కా అని, వరస తప్పించి నా బిందెలు ముందు నింపాడు. వెనక ఆడవాళ్లు తిడుతుంటే, మా అక్క, ఊరికే ఉండండి అన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? రెండు బిందెలు నిండేంతసేపు ఉంది. చెప్పలేదు. ఆ నీళ్లు తాగాను కూడా.

ఈ కాగితం అతని దాకా పోతుందో లేదో. పోయినా క్షమిస్తాడని రాయడం లేదు, క్షమించమని అడగను. ఆ రోజు యంత్రం అద్దం మీద రాని మాట ఒకటి ఉంది. అది రాయగలిగింది నేనొక్కదాన్నే. అందుకు నాకు ఇన్నేళ్లు పట్టింది.

మస్తానూ, నాకు తెలుసు. కప్లరు పీకింది నేను.