లచ్చుమక్క ముద్ద

మా చిన్నప్పుడు ఇంటికి చుట్టం వచ్చినా, పండగ వచ్చినా, కెలికిన సంగటిలో మొదటి ముద్ద మాకు కాదు... వంటింటి మూలనున్న తిరగలి మీద పెట్టేవాళ్లు. మా అవ్వ ఆ ముద్ద పక్కన కొంచెం ఊరిబిండి పచ్చడి వేసి, "లచ్చుమక్కా, తిను" అనేది. ఆ తర్వాతే మా కంచాల్లోకి.

లచ్చుమక్క ఎవరని అడిగితే అవ్వ ఎప్పుడూ ఒకే మాట చెప్పేది. ఎప్పటిదో కరువు... ఉన్న గింజలు విసిరి తమ్ముళ్లిద్దరికీ పెట్టి, తాను తినకుండా తిరగలి దగ్గరే ప్రాణం విడిచిన ఆడబిడ్డ. ఆ తర్వాత చిన్నతమ్ముడు ఎద్దుల్ని తోలుకొని దక్షిణంగా పోయాడు, మళ్లీ రాలేదు. పెద్దతమ్ముడి సంతతి మేము.

ప్రతి ఇంట్లోనూ ఒక లచ్చుమక్క ఉంటుందనే అనుకునేదాన్ని నేను.

మాది పుంగనూరు దగ్గర, చౌడేపల్లె దారిలో ఒక చిన్న పల్లె. ఊళ్లో మాది ఒంటి ఇల్లు. నాయన ఒక్కడే కొడుకు, తాత కూడా ఒక్కడే. నాయనకు మేమిద్దరం ఆడపిల్లలం. దాయాదులని చెప్పుకోవడానికి ఒక్క గడప లేదు. మా అక్క సుగుణకు వచ్చిన రెండు సంబంధాలు ఆ మాట మీదే వెనక్కి పోయాయి. రెండోవాళ్లయితే నాయన ముఖం మీదే అనేశారు... "పెండ్లిలో పేలాలు పోసేదానికి అన్నో తమ్ముడో గూడా లేడు. రేపు మంచికీ చెడుకూ మీ తట్టు ఎవురొస్తారప్పా?"

నాయన ఆ రోజు అన్నం తినలేదు.

డెబ్బై తొమ్మిదో, ఎనభయ్యో... కుప్పం వైపు నుంచి మూడో సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు మునిరత్నం. మోటార్లు రిపేరు చేసేవాడు, కొంచెం తోట ఉంది. ఇంటిపేరు 'పుంగనూరోళ్లు'. మా ఇంటిపేరు వేరు కాబట్టి అడ్డేమీ కనబడలేదు. పుంగనూరు నుంచి పోయినవాళ్లు ఎందరో, వాళ్లను అక్కడ ఊరిపేరుతో పిలవడం మామూలే అనుకున్నారు.

ఇల్లు చూడటానికి నాయన, అవ్వ, నేను బయలుదేరాం. పలమనేరులో బస్సు మారి, మధ్యాహ్నానికి చేరాం. వాళ్ల మాటలో అక్కడక్కడా అరవం కలిసేది... నాకు నవ్వొచ్చేది, అవ్వ తొడ మీద గిచ్చేది. మనుషులు నచ్చారు. ఇల్లు నచ్చింది. నాయన ముఖంలో చాలా రోజుల తర్వాత తేట కనబడింది.

భోజనానికి ఆకులు వేశారు. నేను మంచినీళ్ల కోసం వంటింట్లోకి పోయాను. మునిరత్నం వాళ్ల అవ్వ ఒక సంగటి ముద్ద తీసి తిరగలి మీద పెట్టి, "లచ్చుమక్కా, తినమ్మా" అంది.

నేను సంతోషంగా బయటికి వచ్చి గట్టిగా చెప్పాను. "అవ్వా, ఈళ్లింట్లో గూడా లచ్చుమక్క ఉండాది."

అవ్వ చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. లేచి వంటింటి గడప దగ్గరికి పోయింది. లచ్చుమక్క ఎవరని అడిగింది. తనకు పెద్దగా తెలియదనీ, అత్త పెట్టేది కాబట్టి తానూ పెడుతున్నాననీ ఆ ముసలామె చెప్పింది. కరువులో తిరగలి కాడ పోయిన ఆడబిడ్డట. ఆమె తమ్ముడే ఎద్దుల్ని తోలుకొని ఈ ఊరికి వచ్చిన మొదటివాడట.

నాయనకు అర్థమైంది. అవ్వ వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది... చెప్పొద్దు అన్నట్టు. అవ్వ నోరు మూసుకొని ఉంటే ఆ పెండ్లి జరిగిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు.

అవ్వ మాత్రం మునిరత్నాన్ని పిలిచి, ముఖం పట్టుకొని చూసి, నాయనతో అంది. "ఒరే రెడ్డెప్పా, ఈ సంబంధం కుదరదు. ఈడు సుగుణకు అన్న అవుతాడు."

మునిరత్నం మాత్రం... "సూసేదానికి వచ్చి పెండ్లికొడుకును అన్నను చేసి పెడితిరే" అన్నాడు. ముసలామె ముందు నవ్వింది, తర్వాత మా అవ్వను పట్టుకొని ఏడ్చింది.

తిరుగు బస్సులో నాయన అవ్వకు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాడు. మూడో సంబంధం కూడా పోయింది మరి.

నెల తిరక్కుండా మునిరత్నం వాళ్ల అవ్వను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పోతూ పోతూ, చెల్లెలికి సంబంధం చూసే బాధ్యత తనది అన్నాడు. ఊరకే అనలేదు. మదనపల్లెలో తనతో పని నేర్చుకున్న, అంగళ్లు అనే ఊరి అబ్బాయిని తెచ్చాడు. ఆ పెండ్లి కుదిరింది.

పెండ్లికి ముందురోజు సాయంకాలం మా వీధిలో లారీ ఆగింది. ఆడవాళ్లు, పిల్లలు, తలపాగాల ముసలాళ్లు... దిగుతూనే ఉన్నారు. కుప్పం చుట్టుపక్కల మూడు ఊళ్ల వాళ్లు. అందరూ మా వాళ్లే. నాయన అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. పక్కింటాయన ఎవరప్పా వీళ్లంతా అని అడిగాడు.

"మా దాయాదులు" అన్నాడు నాయన. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. ఆ మర్నాడు అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చెప్తూనే ఉన్నాడు.

అక్క దోసిట్లో పేలాలు పోసింది మునిరత్నం అన్నే. పోస్తూ బావతో, "నేను కూర్చోవాల్సిన పీట అది, జాగర్తగా కూర్చో" అన్నాడు. పందిరంతా నవ్వింది. అక్క కూడా తలొంచుకొని నవ్వింది.

ఇప్పుడు సంబంధాలు ఫోన్లోకి వస్తున్నాయి... ఫోటో, నక్షత్రం, జీతం. చూపులు హోటల్లోనే అయిపోతున్నాయి. ఒకరి వంటింట్లోకి ఇంకొకరు తొంగిచూసే పని లేదు. మా పిల్లలకు ఇంటిపేరు తెలుసు, ఆ పేరు ఏ ఊళ్లో ఎలా మారిందో తెలియదు.

మీ ఇంటి నుంచి కూడా ఎవరో ఎటో పోయే ఉంటారు. పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి ఇక్కడ రాయండి... కుప్పం వైపు వాళ్లయితే మాత్రం చెప్పండి, మునిరత్నం అన్నకు ఫోన్ చేసి కనుక్కుంటాను.