చేతుల్ని తలచుకుని యంత్రాలు కొన్న మనిషి

హుకుంపేట సంతలో అల్లం బేరమాడుతుండగా సాలూరు నుంచి ఫోను వచ్చింది. ముసురు పట్టి ఉంది. మాట తెగుతూ కలుస్తూ వినిపించింది. "మావయ్య పోనాడమ్మా. తెల్లారి లేపితే లెగలేదు" అన్నాడు సూర్యనారాయణ గారి మేనల్లుడు. ఆ వారంలోనే ఆయన నాతో ఫోనులో మాట్లాడారు. మా కాఫీ రైతుల సంఘం కొనదలచిన గింజలు ఆరబెట్టే యంత్రం గురించి ఏవేవో అడిగి, "అమ్మీవోళ్ళు వచ్చినప్పుడు నన్ను పిలు, బేగి సంతకం ఎట్టీమాకు" అని నవ్వారు. ఆ నవ్వు ఇంకా చెవిలో ఉండగానే ఈ వార్త! అల్లం అమ్మే ముసలమ్మ నా ముఖం చూసి, బేరం మానేసి, "ఏటయినాదే గుంటా?" అంది.

ఆయనను ఎరుగనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. సూర్యనారాయణ గారిది సాలూరు దగ్గర వ్యవసాయ కుటుంబం. విశాఖపట్నం చుట్టుపక్కల కర్మాగారాలలో యంత్రాల మరమ్మతు ఇంజనీరుగా జీవితమంతా గడిపారు. పదవీ విరమణ తరువాత, భార్య గతించాక, సాలూరులో చెల్లెలి ఇంట ఉండేవారు. ఒక చలికాలం ఎవరో బంధువులతో అరకు చూడవచ్చి, ఇంటికి కాఫీ కొనుక్కుందామని మా సంఘం గోదాముకు వచ్చారు. అప్పటికి నేను సంఘం కార్యదర్శిగా చేరి ఎక్కువ కాలం కాలేదు. లోపల మా ఆడవాళ్ళు నేల మీద కూర్చుని పుచ్చు గింజలు, విరిగిన గింజలు ఏరుతున్నారు. ఆయన కాఫీ పొట్లం చంకలో పెట్టుకుని వాళ్ళనే చూస్తూ నిలబడిపోయారు. బంధువులు కారు హారను కొడుతున్నా కదలలేదు. చివరికి వాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, "మీకు నడుం నొప్పెట్టదా అమ్మా?" అని అడిగారు. మా దగ్గరకు వచ్చిన పెద్దమనుషులెందరో రుచి గురించి అడిగారు, ధర గురించి అడిగారు. నడుము గురించి అడిగినవారు ఆయనొక్కరే.

అలా మొదలైన పరిచయం ఆత్మబంధుత్వమైంది. సాలూరులో బస్సెక్కి, దారిలో బస్సులు మారి, ఎండాకాలంలోనూ స్వెట్టరు వేసుకుని కొండెక్కి వచ్చేవారు. మా చలిని తిడుతూనే మా రాగి అంబలిని మరి కాస్త పోయించుకునేవారు. జీతం మాట ఎత్తితే, "నీ అంబలే నా జీతం, పొయ్యి" అనేవారు.

ఆ రోజుల్లో మా సంఘానికి యంత్రాల అవసరం ముంచుకొచ్చింది. గింజలన్నీ ఒకే తీరున లేవని కొనుగోలుదారులు సరుకు తిప్పి పంపుతున్నారు. బస్తాలు ఎత్తి ఎత్తి మనుషులు మంచాన పడుతున్నారు. కెమెరాతో గింజలు ఏరే యంత్రమూ, బస్తాలు పేర్చే రోబో చేయీ రెండూ కలిపి అమ్ముతామని ఒక పెద్ద కంపెనీ వచ్చింది. విశాఖపట్నంలో ఒక హోటలుకు మమ్మల్ని పిలిచి, యంత్రాన్ని నడిపి చూపించింది. ఒక వైపు నుంచి పోసిన గింజలు మరో వైపు ముత్యాల్లా రాలుతుంటే మా అధ్యక్షుడు అర్జునరావు గారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సూర్యనారాయణ గారు గుప్పెడు గింజలు తీసి వాసన చూసి, "ఇవెక్కడివి బాబూ?" అన్నారు.

"మేమే తెచ్చామండీ, ప్రదర్శన కోసం."

"మీ గింజలు మీ మిసనుకి నచ్చుతాయి. మాయి నచ్చుతాయో లేదో సూడాల కదా!"

ఆ యంత్రం కొన్నవారిని కలవాలన్నారు. కంపెనీవారు ఒక పేరు చెప్పారు. ఆయన అక్కడికి వెళ్ళి, కాఫీ తాగి, పొగడ్తలన్నీ విని, లేవబోతూ, "మీరు కాక ఇంకెవరైనా కొన్నారేటండీ?" అని అడిగారు. అలా తెలిసింది సముద్రతీరంలోని ఒక జీడిపప్పు కర్మాగారం సంగతి. అక్కడికి నన్నూ తీసుకువెళ్ళారు. యజమాని మంచివాడు. ఏమీ దాచకుండా వెనుక షెడ్డులోకి తీసుకువెళ్ళి టార్పాలిన్ ఎత్తి చూపించాడు. యంత్రం దుమ్ము పట్టి ఉంది. "ఆడిందండీ, బాగానే ఆడింది. చెడిపోయాక ఎవరూ రాలేదు. వచ్చినవాడికి పని రాదు. పని వచ్చినవాడు ఉద్యోగం మానేశాడట" అన్నాడు. తిరుగు బస్సులో సూర్యనారాయణ గారు అన్న మాట నాకు మంత్రోపదేశం వంటిది. "అమ్మిన్నాడు అందరూ సుట్టాలేనమ్మా. పాడైపోయిన్నాడు ఎవుడొస్తాడో, ఆడి పేరు ముందడగాల."

ఇటు మా ఊళ్ళలో వేరే గొడవ రగులుతోంది. యంత్రం వస్తే ఏరే పని పోతుందని ఆడవాళ్ళు భయపడ్డారు. సంఘం సమావేశంలో బుద్రమ్మ లేచి ఆయన మీద విరుచుకుపడింది. ఆమె గింజలు ఏరేవారందరిలోకి పెద్దది, నోరున్న మనిషి. "పల్లపోడివి! మా కొండకొచ్చి మా సేతిలో పని లాగేత్తావేటి? ఆ మిసను వొచ్చినాక మా సేతులేటి సెయ్యాల?" అంది. నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఆయనకు కోపం రాలేదు. "నువ్వడిగిందే నానూ అడగాల" అని, ఆ మరునాడే కంపెనీవారికి ఫోను చేసి, ఈ యంత్రాన్ని నడపడం మా ఆడవాళ్ళకు మీరు నేర్పుతారా, తెలుగులో నేర్పుతారా అని అడిగారు. బయటి నుంచి ఆపరేటరును తెచ్చుకోవాలి అన్నారు వాళ్ళు. ఆయన ముఖంలో మొదటిసారి కాఠిన్యం చూశాను.

అసలు పరీక్ష మా గోదాములో జరిగింది. రోబో చేతిని కొండ మీదకే తెచ్చి చూపిస్తే తప్ప మాట్లాడేది లేదని ఆయన పట్టుబట్టారు. వాళ్ళు లారీలో తెచ్చి బిగించారు. యంత్రాలు కొనడానికి సర్కారు ఇచ్చే సాయానికి గడువు దగ్గరపడిందని అర్జునరావు గారికి ఆందోళన. ఊరంతా వచ్చింది. పసుపు రంగు చేయి బస్తాను పట్టి, గాలిలో తిప్పి, చక్కగా పేరుస్తుంటే ముసలివాళ్ళు నోళ్ళు తెరిచి చూశారు. సూర్యనారాయణ గారు బయటికి వెళ్ళి, పెరట్లోంచి మనిషి చేయంత లావున్న అరటి బోదె ఒకటి నరికించి తెచ్చారు.

"మనిషి అడ్డమొస్తే ఆగుద్దన్నారు కదా బాబూ?"

"ఆగుతుందండీ."

బోదెను ఒక పొడవాటి కర్రకు కట్టి, దూరంగా నిలబడి, తిరుగుతున్న చేయి దారిలో పెట్టారు. అది ఆగలేదు. బోదె చితికి, నీళ్ళు చిమ్మి, రెండు ముక్కలై నేల మీద పడింది. బుద్రమ్మ తన కుడిచేతిని ఎడమచేతితో గట్టిగా పట్టుకుని ఉంది.

"ప్రదర్శన కదా అని సెన్సరు కలపలేదండీ" అన్నాడు కంపెనీ మనిషి, చెమటలు తుడుచుకుంటూ.

"కలపడం మరిసిపోయిన్నాడు సెయ్యి పోద్దన్నమాట. ఇది మాకొద్దు నాయనా" అన్నారాయన.

ఆ మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని నాకొక సంగతి చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పైడిరాజు అనే స్నేహితుడితో ఒకే గదిలో ఉండేవారట. వాళ్ళ కర్మాగారానికి రేకులు నొక్కే కొత్త ప్రెస్సు యంత్రం వచ్చింది. కొనడానికి వెళ్ళినవారందరూ దాని రంగునూ వేగాన్నీ మెచ్చుకుని, విందు భోజనం చేసి వచ్చారు. చేయి లోపలికి పోకుండా దానికి అడ్డుకంచె ఉందా అని ఎవరూ అడగలేదు. పైడిరాజు కుడిచేయి అందులో పోయింది. "ఆసుపత్రిలో ఆడికి అన్నం కలిపి ఎట్టీవోణ్ణమ్మా. ఎంత మంచోడో! నవ్వీవోడు, 'నీ సేతి ముద్ద మాయమ్మ ముద్దలాగుందిరా' అనీవోడు" అన్నారు. ఆ తరువాత కొండల వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన ప్రశ్నలన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయో నాకు అప్పుడు అర్థమైంది.

కానీ లోకం ఊరుకుంటుందా? గడువు దాటిపోయింది. ఆ యేటికి సాయం పోయింది. అర్జునరావు గారు అందరి ముందూ "ముసలాయన పిరికితనం వల్ల సంఘం మునిగింది" అన్నారు. మరో కంపెనీ ఆయనను కొనేసిందని పుకారు పుట్టింది. ఆయన గొడుగు తీసుకుని బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ వానాకాలమంతా కొండెక్కలేదు. నేను ఫోను చేస్తే, "మోకాలు నొప్పమ్మా" అనేవారు. నొప్పి మోకాలిలో కాదని నాకు తెలుసు.

ఆయనను తిరిగి తెచ్చింది నేను కాదు, అర్జునరావు గారూ కాదు. బుద్రమ్మ. ఒక ఉదయం నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, నాతో కూడా చెప్పకుండా, సాలూరు బస్సెక్కింది. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, ఆయన చెల్లెలు వేసిన కుర్చీలు వద్దని అరుగు మీద కూర్చుందట. "బాబూ, నీకు నోటికొచ్చినట్టు సెప్పినాను. నువ్వు ఆ బోదె ఎట్టకపోతే అక్కడ నా సెయ్యి ఉండును. లెగు, పోదాం" అందట. ఆ సాయంత్రం బస్సులోంచి స్వెట్టరుతో ఆయన దిగుతుంటే గోదాము ముందు నిలబడి నేను ఏడ్చాను. అర్జునరావు గారు కూడా ఎదురు వెళ్ళి చేతిలో సంచి అందుకున్నారు. అది అర్జునరావు గారి గొప్పతనం.

మరుసటి యేడు అవే రెండు యంత్రాలు అమ్మే ఒక చిన్న సంస్థ ముందుకొచ్చింది. వాళ్ళ ఇంజనీరు పడుచువాడు. మంచు పట్టిన రోజుల్లో కెమెరా గింజను గుర్తుపడుతుందా అని సూర్యనారాయణ గారు అడిగితే, "తెలియదు సార్. ఇక్కడే ఉండి చూసి చెబుతాను" అన్నాడు. చలికాలమంతా వచ్చిపోతూ, మా గింజలతో, మా కరెంటు కోతలతో, మా మంచులో పరీక్షలు చేశాడు. తప్పులు దొరికితే దాచలేదు. "తెలీదన్నోడు దొరికాడు, ఇంక కొనండి" అన్నారాయన. ఈ రోబో చేతి ముందు కూడా అరటి బోదె పెట్టారు. ఆగింది. ఊరంతా ఈలలు వేసింది. ఆ సంస్థవారు మా ఆడవాళ్ళకు తెలుగులోనే పని నేర్పారు. ఇవాళ యంత్రాల గదిలో మీటలు నొక్కేది బుద్రమ్మ కోడలు. మిగిలినవారు కాఫీ రుచి చూసి నాణ్యం చెప్పే పని నేర్చుకున్నారు. ఎవరి పనీ పోలేదు, ఎవరి చేయీ పోలేదు.

ఆయన ఏ పుస్తకమూ రాయలేదు, ఏ సన్మానమూ పొందలేదు. సౌజన్యమూ నిర్మొహమాటమూ ఒకే మనిషిలో ఇమడడం అరుదు. ఆయనలో అవి పాలూ నీళ్ళలా కలిసి ఉండేవి. ఎదుటివాడిని అవమానించకుండా అబద్ధాన్ని బయటపెట్టే విద్య ఆయనతోనే వెళ్ళిపోయింది.

అంత్యక్రియలకు మేము జీపు కట్టించుకుని దిగాము. వానలో శ్మశానం దాకా ఆడవాళ్ళందరూ నడిచారు. ఆడవాళ్ళు రాకూడదని బంధువొకాయన ఆపబోతే, సూర్యనారాయణ గారి చెల్లెలు, "రానీ బాబూ. ఆళ్ళు కూడా మా అన్న మనుషులే" అంది. బుద్రమ్మ ఆ చల్లబడిన చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, నుదుటికి తాకించుకుని, మా కొండభాషలో ఏదో చెప్పింది. దాన్ని తెలుగులోకి తేవడం నాకు చేతకాదు.

వచ్చే వారం ఆరబెట్టే యంత్రం అమ్మేవాళ్ళు వస్తున్నారు. అడగవలసినవన్నీ ఆయన నాకు నేర్పారు, అడుగుతాను. కానీ ప్రశ్న వేసి, జవాబు వచ్చిన తరువాత కూడా తొందరపడకుండా, దయగా ఎదుటివాడి ముఖంలోకి చూస్తూ ఆయన ఊరుకునేవారు. ఆ ఊరుకోవడంలోనే వాళ్ళు నిజం చెప్పేసేవారు. అది నాకు ఇంకా రాలేదు. అడిగి నేర్చుకుందామంటే ఆయన లేరు.