తిరుగుటపాలో చెత్త

ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్క ఉత్తరాన్నీ ‘చిరునామా దొరకలేదు’ అని తిప్పి పంపలేదని టపాగారికి మహా గొప్ప. పోస్టుమాన్ పని మానేసి ఏడేళ్ళయినా ఆ మాట కనబడ్డవాళ్ళకల్లా చెబుతారు. అందుకే ఆయన్ను చూడగానే వీధిలో సగంమంది చెప్పు తెగినట్టు వంగిపోతారు.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ రేవు అధికారే వచ్చాడు! పాత కాగితాలని రాసి సముద్రం దాటించిన కంటైనరు తలుపు తీస్తే లోపల వాడేసిన డైపర్లు, కుళ్ళిన కూరగాయలు, ఎవరింట్లోవో విరిగిన దువ్వెనలు. పంపిన కంపెనీ మాత్రం అది మా ఊరి చెత్త కాదని చేతులు దులిపేసుకుంది. ఆ ఊరి మూడు ఇళ్ళ చిరునామాలు అందులోంచి తీసి చూపిస్తే తప్ప తిప్పి పంపడం కుదరదు. శనివారం తిరిగెళ్ళే ఓడ దాన్ని ఎక్కించుకోకుండా వెళ్ళిపోతే, అదంతా టపాగారి వీధి చివరి గోతిలోనే పోస్తారు.

“విదేశీ ఉత్తరాలు చూసింది మీరే కదా, పెద్దాయనా? ఆ గజిబిజి రాతలు ఇంకెవరికీ అంతుబట్టవు,” అన్నాడు అధికారి.

ఇంకేం, టపాగారు ఉబ్బిపోయారు. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని చెత్తలోకి దిగారు. గురువారం ఒక కరెంటు బిల్లు దొరికింది. శుక్రవారం పొద్దున మందుల సీసా మీద చీటీ.

సాయంత్రం మూడోది దొరికింది. అసలు విప్పని ఉత్తరం! వణికే చేతిరాత, అంటించిన కవరు అంటించినట్టే ఉంది. చెత్తలో పడినా ఉత్తరం ఉత్తరమే కదా. అధికారికిస్తే చించి ఫైల్లో పడేస్తాడు. చేయి తనంతట తానే దాన్ని జేబులో దాచేసింది.

ఇంటికెళ్తే భార్య రోజూలాగే గుమ్మం బయట బకెట్టు నీళ్ళు చూపించింది. స్నానమయ్యాక కవరు ఆమెకు చూపించి, “దీన్ని నేనే స్టాంపు అంటించి ఆ చిరునామాకు పంపిస్తాను,” అన్నారు.

“మరి ఆ చెత్త?”

టపాగారు స్టాంపుల డబ్బా కోసం అలమర తెరిచారు.

“ఏవండీ, మీ ముప్పై ఆరేళ్ళ ముచ్చట కోసం వీధంతా ముక్కు మూసుకోవాలా? చెత్తా ఉత్తరమూ ఒకే ఊరివి కదా! రెండూ కలిపే పంపండి.”

టపా వేరుచేయడం తనకన్నా భార్యకే బాగా తెలుసని ఆయనకు కాస్త చిన్నతనంగా అనిపించింది.

శనివారం పొద్దున్నే కవరు అధికారి చేతిలో పెట్టారు. “ఫోటో తీసుకోండి, చిరునామా రాసుకోండి. విప్పడానికి మాత్రం వీల్లేదు. అది వాళ్ళది.”

అధికారి నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఉత్తరాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి కంటైనరు తలుపుకు లోపలివైపు టేపుతో అంటించారు టపాగారు. తలుపు మూశాక సుద్దముక్క అడిగారు. దాంతో మూరెడేసి అక్షరాలతో రాశారు: ‘పంపినవారికి వాపసు.’

ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడిపోయారు. “ఒకటి తిప్పి పంపేశానే,” అన్నారు.

“ఒకటేమిటి, ఇరవై టన్నులు!” అంటూ భార్య బకెట్టు ముందుకు జరిపింది.