మామ పేరు కాల్చిన చెక్క

హిందీ మాట్లాడే ఉక్కు పట్నంలో, బర్మామైన్స్ పేటలో మేమున్న ఇంటి ముందు గదే మా దుకాణం. కర్మాగారాల్లో రిటైరయ్యే వాళ్లకి తోటివాళ్లు ఇచ్చే చెక్క జ్ఞాపికలు చేసేవాళ్లం. అక్షరాలు నావి. సోల్డరింగ్ ఐరన్ మొనని ఆకురాయితో సన్నగా అరగదీసి, దాంతో చెక్క మీద కాల్చి రాసేవాణ్ణి. చెక్క ఎంచడం, నునుపు చేసి లక్క పాలిష్ పెట్టడం నా భార్య పని.

ఎక్కువగా గమ్హార్ వాడేవాళ్లం. మన వైపు గుమ్మడి టేకంటారు. లేత రంగు కాబట్టి కాల్చిన అక్షరం నల్లగా తేలి కనిపించేది. ఆమె కలప అడితిలో పలకలు ఒక్కొక్కటే ఎత్తి బుగ్గకి ఆనించుకునేది. చల్లగా తగిలితే లోపల ఇంకా పచ్చి ఉన్నట్టే, పక్కన పెట్టేసేది. అడితివాళ్లు నవ్వుకునేవారు. ఆమె పట్టించుకునేది కాదు.

ఒక వానాకాలం మొదట్లో గుమాస్తా ఒకాయన తెచ్చిన కాగితం మీద మా మామ పేరుంది. ఆయనకి మా బంధుత్వం తెలియదు. మామ బారిడీహ్‌లో కంపెనీ క్వార్టర్‌లో ఒక్కడే ఉండేవాడు. అత్త అప్పటికే పోయింది. బతుకంతా ఫర్నేసు ముందే గడిచింది ఆయనకి.

"మా అయ్యది నానే సేత్తాను. మీరు అచ్చరాలు మట్టుకు బాగా కాల్చండి," అంది నా భార్య.

ఒక ముడి గాని, చీలిక గాని లేని పలక దొరికేదాకా అడితి చుట్టూ తిరిగింది. గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డ పెట్టి, లేచిన నూగుని మళ్లీ రుద్దింది. స్పిరిట్‌లో కరిగించిన లక్కని దూది మూటతో పొర మీద పొర పట్టించింది. వాన తేమకి పైన పాల మీగడలా తెలుపు కమ్మింది. అదంతా స్పిరిట్‌తో తుడిచేసి, బొగ్గుల పొయ్యి దగ్గర గది వెచ్చబెట్టుకుని మొదటినుంచీ మొదలుపెట్టింది. అంత మంచి పలక మా చేతుల్లోంచి మరొకటి రాలేదు.

వీడ్కోలు సభలో దండ వేసి ఇచ్చారు. మామ నవ్వుతూనే తీసుకున్నాడు. మర్నాడు క్వార్టర్‌కి వెళితే దాన్ని గోడవైపు తిప్పి పెట్టి ఉంది.

"ఏటి మావా, అలగ తిప్పీసినావు?" అన్నాను.

"దాన్లో ఏటి రాసున్నాదో నాకు తెల్దేటి? ఇంక ఎల్లిపొమ్మని రాసున్నాది."

క్వార్టర్ ఖాళీ చెయ్యక తప్పలేదు. సొంత ఊళ్లో భూమీ లేదు, పిలిచేవాళ్లూ లేరు. మా దగ్గరికే వచ్చాడు. ఇంట్లో వేరే చోటు లేక, ఆరబెట్టిన పలకల మధ్య ముందు గదిలోనే మంచం వేశాం. నేను రాస్తుంటే పక్కన కూర్చుని అడిగేవాడు, "ఎవుడిదల్లుడూ?" అని. పేరు చదివితే, ఆడు నాతో బి షిఫ్టు, ఆడి సెయ్యి కాలింది, ఆడు బలే పాడతాడు అని చెప్పేవాడు. పోను పోను ఆ మాటలు తగ్గాయి. ఒక రోజు నేను చదవబోతే చెయ్యెత్తి ఆపాడు.

"సదవకల్లుడూ. ఇంక నాకు సెప్పకు."

ఆ తర్వాత ఆ గదిలో ఏ పేరూ పైకి చదవలేదు.

ఒక రోజు మామ తెచ్చుకున్న సామాను సర్దుతూ నా భార్య అడిగింది, "అయ్యా, నీ పలకేదీ?"

"ఒగ్గీసినాను. కోటర్లోనే."

ఆదివారం ఆమె నన్ను తీసుకుని బారిడీహ్ వెళ్లింది. క్వార్టర్‌లో కొత్తగా పెళ్లయిన బిహారీ కుర్రాడి కాపురం. పెరట్లో నీళ్ల డ్రమ్ము మీద మూతగా ఉంది మామ పలక. పాలిష్ పొట్టులా లేచిపోయింది. నా అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ ఇల్లాలు సిగ్గుపడిపోయింది. తెలియలేదు దీదీ అంటూ కొంగుతో తుడిచి ఇవ్వబోయింది. నా భార్య అంచు వెంట ఒకసారి వేలు పోనిచ్చి, "రెహనే దీజియే," ఉండనివ్వండి అని, తిరిగి డ్రమ్ము మీదే పెట్టేసింది.

ఎవరు చెప్పారో, మేం అక్కడికి వెళ్లొచ్చిన సంగతి మామకి తెలిసింది. అన్నం తింటూ, "నీ సేత్తో సేసినాది ఒగ్గీసినానని కోపమొచ్చిందేటమ్మా?" అన్నాడు.

"లేదయ్యా. సెక్కే కదా," అంది, కూర వడ్డిస్తూ. ఆయన తల దించుకుని మెతుకులు కలుపుతూ ఉండిపోయాడు.

ఆ చలికాలం ఆయాసం ముదిరి, ఆ మంచం మీదే పోయాడు. స్పిరిట్ వాసన వల్ల మరింత ముదిరిందేమోనని నాకు అనుమానం. ఆమెకీ ఆ అనుమానం ఉందేమో, మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఆర్డర్లు మాత్రం ఆగలేదు. చెక్క ఆమే ఎంచేది. పాలిష్ మూట మళ్లీ పట్టుకోలేదు, ఆ పని నామీద పడింది. నా చేతికి అది ఎప్పుడూ సరిగా రాలేదు, చారలు పడేవి. తీసుకెళ్లేవాళ్లెవరూ ఆ తేడా అడగలేదు.