మూడు పేర్లు, ఒకటే మందు

పన్ను నొప్పి మొదలైన రెండో రోజుకే ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు నాకు. డెంటిస్టు సోమవారం రమ్మన్నాడు. నాచారంలో నేను పనిచేసే ప్యాకింగ్ యూనిట్‌కు సెలవు పెట్టడం ఇష్టంలేక, నొప్పి లేచినప్పుడల్లా ఇంట్లో ఉన్న జ్వరం మాత్ర వేసుకున్నాను. అది చాలక తోటి పనామె ఇచ్చిన పంటి నొప్పి మాత్రలు. మధ్యలో జలుబు చేస్తే దానికి ఇంకో రకం. మూడు బాధలకు మూడు మందులు అనుకున్నాను.

ఆదివారం పొద్దున అవన్నీ అయిపోయాయి. మెడికల్ షాపుకు వెళ్ళి ఖాళీ స్ట్రిప్పులు కౌంటర్ మీద పెట్టి, ఇవే ఇమ్మన్నాను. షాపామె వాటిని వెనక్కి తిప్పి చదివింది గానీ ఇవ్వలేదు.

"ఇవన్నీ ఎవరు ఏస్కున్నరు?"

"నేనే."

"నిన్న పొద్దుగాల్నుంచి ఎన్ని?"

వేళ్ళ మీద లెక్కపెట్టాను. మధ్యలో తప్పి మళ్ళీ మొదలుపెట్టాను. పద్దెనిమిది.

"అక్కా, పేర్లే వేరు. మూడిట్ల ఉన్నది పారాసిటమాలే. ఇంటికి పోకు, సీదా దవాఖానకు పో."

"నాకేం గాలే కద. మంచిగనే ఉన్న."

"మంచిగున్నప్పుడే పోవాలె. లివర్ ఖరాబైనంక పోతే ఏం లాభం?"

తనే బయటికొచ్చి ఆటో ఆపింది. స్ట్రిప్పులు కవర్లో వేసి నా చేతిలో పెట్టింది. దారిలో మా ఆయనకు ఫోన్ చేశాను. నేను ఉప్పల్‌లో ఆసుపత్రికి చేరేసరికి ఆయన చర్లపల్లి నుంచి బండి మీద వచ్చేశాడు.

"ఏందిది? నొప్పి గోలీలకు గూడ అడ్మిట్ జేస్తరా?" అన్నాడు.

డాక్టరమ్మ నా బరువు చూసింది, రక్తం తీయించింది. తర్వాత ఆయన్ను బయట నిలబడమని, తలుపు దగ్గరికి వేసి మెల్లగా అడిగింది. "ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా అమ్మా? కావాల్నని ఏస్కున్నరా?"

ఒళ్ళు మండిపోయింది. "పన్ను గుంజుతుంటే ఏస్కున్న మేడం!" అని గట్టిగా అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. అందరినీ అడుగుతామని చెప్పింది. కాసేపటికి నాకే అనిపించింది, కావాలని మింగినవాళ్ళను ఇంకెవరు అడుగుతారని.

విరుగుడు మందు సెలైన్‌లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టారు. రిపోర్టు కోసం ఆగితే ఆలస్యమవుతుందన్నారు. గంట గడవకముందే మెడ ఎర్రబడి ఒళ్ళంతా దురద. నర్సు వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి, చుక్కల వేగం తగ్గించింది. దురద పోయింది గానీ కుదురు రాలేదు. సెలైన్ స్టాండ్ పట్టుకుని వార్డులో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. "జర పండుకో రాదు," అని ఆయన బతిమాలాడు. పన్ను తప్ప ఏ బాధా లేని ఒంట్లో ఏదో చెడిపోతోందేమో అన్న ఆలోచన నన్ను పడుకోనివ్వలేదు.

మర్నాడు లివర్ పరీక్షలో అంకెలు కొంచెం పెరిగాయి. మందు ఇంకో రోజు పొడిగించారు. మంగళవారం అవి దిగడం మొదలయ్యాక ఇంటికి పంపుతూ, వారం తర్వాత మళ్ళీ రక్తం ఇమ్మన్నారు.

ఆ వారం రోజులూ యూనిట్‌లో డబ్బాలకు టేపు వేస్తూ వేస్తూ లేచి, బాత్‌రూమ్ అద్దంలో కనురెప్పలు లాగి చూసుకునేదాన్ని, కళ్ళు పచ్చబడ్డాయేమోనని. చివరికి రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ చదివి, "అంతా నార్మల్," అంది. నమ్మబుద్ధి కాక, ఇంకోసారి చదవమన్నాను.