ఊపిరాడే హెల్మెట్

లిఫ్టులు బాగుచేసే ఆయనకి యాభై దాటాయి. వారమంతా లిఫ్టు దిగే చీకటి గొయ్యిలో ఒక్కడే పని. ఆదివారం మాత్రం పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కొండదారుల్లో సైకిలు, అదీ ఒక్కడే. ముఖమంతా కప్పే హెల్మెట్ కోసం మూడు వారాలుగా సాయంత్రాలు సైకిళ్ల షాపు చుట్టూ తిరుగుతున్నాడు. ఒక్కోటీ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించి, షాపు మేడమెట్లు నాలుగుసార్లు గబగబా ఎక్కి దిగుతాడు. లిఫ్టుల మనిషి మెట్లతో కుస్తీ పట్టడం చూసి షాపు నడిపే అమ్మాయి నవ్వు ఆపుకుంటుంది. అద్దం ముందు వగరుస్తూ నిలబడతాడు. కళ్లజోడుకి ఆవిరి పడితే ఆ హెల్మెట్ పక్కకి పోయినట్టే. ఈరోజు తొమ్మిదోది పెట్టుకుంటే ఆవిరి పట్టలేదు. "ఇందులో ఊపిరాడుతోందమ్మా," అన్నాడు.

అమ్మాయి బిల్లు చేతికిచ్చి, హెల్మెట్ లోపల అంటించే చీటీ, పెన్నూ ఇచ్చింది. "ఎక్కడైనా పడిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాయండి బాబాయ్." ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి చేతిలోని బిల్లు చూసి చూసి పది అంకెలు గుండ్రంగా రాసిచ్చాడు. అది షాపు నంబరే. అమ్మాయి చీటీ చదివింది. "ఆదివారం షాపుకి సెలవు బాబాయ్," అంది మెల్లిగా.

"అలాగా," అని ఆయన పెన్ను మూత పెట్టి తిరిగిచ్చాడు. "అయితే నా సెలవు శనివారానికి మార్పించుకుంటానులే."